ఏడు వీపులు, ఒక నెంబరు

రాజాం,
2 మే 2025

బావకి,

ఎండ. పదింటికే వడగాడ్పు మొదలైంది. పాత ఫ్రేములు నాలుగు థిన్నరుతో తుడిచి మేడ మీద ఆరబెట్టాను.

లక్ష్మణమ్మ సంతకి ఎండుచేపలతో పాటు నీ కబురు కూడా తెచ్చింది. "బాబూ, మీ బావ ఏడు టీషర్టులు అచ్చెయ్యమన్నాడు. ఈపు మీద ఫోను నెంబర్లట. బేగి కావాలట" అంది. ఫోను చేసి కనుక్కోవచ్చు. కానీ నువ్వు ఒడ్డున నిలబడి మాట్లాడితే సగం సముద్రం మాట్లాడుతుంది. మిగతా సగం పని అయ్యాక "నానలగ సెప్పనేదు" అంటావు. అందుకని ఇకమీదట అన్నీ కాయితం మీదే. లక్ష్మణమ్మ వారం వారం వస్తూనే ఉంటుంది కదా.

ఆలోచన మంచిదే. నవంబరులో ఇంజను ఆగి నీ పడవ ఒడిశా ఒడ్డుకి కొట్టుకుపోయింది. అక్కడివాళ్ళు అన్నం పెట్టారు, ఫోను చేతికిచ్చారు. నీతో కలిపి ఏడుగురు మగాళ్ళు ఆ ఫోను పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్కడికీ పెళ్ళాం నెంబరు నోటికి రాలేదు. నెంబర్లన్నీ మీ ఫోన్లలో, ఆ ఫోన్లన్నీ ఉప్పునీళ్ళలో. నాలుగో రోజున ఎవడో ఐసు పెట్టె మీదున్న ఐసు ఫ్యాక్టరీ నెంబరు చూశాడు కాబట్టి కబురు వచ్చింది. ఆ నాలుగు రోజులూ మా అక్క ఏం తిన్నదో నువ్వు అడగలేదు, నేను అడిగితే చెప్పలేదు. ఇంకోసారి అలా కాకూడదని నీకు తోచింది. ఆర్నెల్లు పట్టింది, అంతే.

అచ్చులో రకాలున్నాయి. నాది స్క్రీన్ ప్రింటు. గుడ్డ బిగించిన ఫ్రేము లోంచి రంగుని రబ్బరు పలకతో లాగుతాను. ఒక బొమ్మకి ఒక ఫ్రేము, రంగులు ఎక్కువైతే రంగుకొకటి. ఒకటే బొమ్మయితే వంద చొక్కాలైనా వేస్తాను, చొక్కా చిరిగినా రంగు ఉంటుంది. డీటీఎఫ్ అని ఒకటి వచ్చింది. మిషను ఫిల్ము మీద బొమ్మ వేస్తుంది, దాన్ని వేడితో చొక్కాకి అతికిస్తారు. ఎన్ని రంగులైనా పడతాయి. సబ్లిమేషన్ ఇంకోటి. అది పాలిస్టరుకే పడుతుంది, అదీ తెల్లదానికే. నీకు ఏది కావాలో, ఎవరి నెంబరు వేయాలో రాయి.

ఇట్లు,
అప్పలసూరి

*

చిన్నగెడ్డపేట,
9 మే

సూరీ,

ఉత్తరం రాసింది నాకా, వాతావరణం ఆఫీసుకా? నీ ఎండ మాకూ ఉంది. వేట నిషేధం కదా, పడవలన్నీ ఇసకలో బోర్లా పడుకున్నాయి. మేమూ అంతే.

ఏడుగురం కూర్చుని తీర్మానం చేశాం. ఎవరి చొక్కా మీద వాళ్ళ ఇంటి నెంబరు. ఎవరి పేరు వాళ్ళకి. పైన గంగమ్మ తల్లి బొమ్మ, కింద పడవ. వెనకాల సూర్యుడు ఉదయిస్తూ ఉండాలి, కెరటాలు కదులుతున్నట్టు ఉండాలి. ఇంజను చూసే వెంకీ మొన్న మీ రాజాంలోనే గోపి అనే అతని షాపులో చూసొచ్చాడట. "ఫిలుం అచ్చు మాయ్యా, ఫొటో దించినట్టు పడతాది. సూరి మావ దగ్గరయితే రేషను బస్తా మీద అచ్చులా ఉంటాది" అన్నాడు. మాట వాడిది, నాది కాదు.

మీ అక్క మాత్రం గుమ్మంలోంచి "ఏటా ఊరేగింపు? నా నెంబరొకటి పెద్దగా ఏసుకుంటే సాలదా?" అంది. ఆడవాళ్ళకి అందం తెలీదని చెప్పి పంపేశాం.

నువ్వేమో చిన్నప్పుడు కెరటం చూస్తేనే వాంతి చేసుకుని పేట వదిలి పారిపోయినవాడివి. సముద్రానికి ఏ అచ్చు ఆగుతుందో నీకేం తెలుసు? మూడు రకాలూ ఒక్కోటి పంపు. పరీక్ష మేం పెడతాం.

నీ బావ,
లక్ష్ముడు

*

రాజాం,
16 మే

బావకి,

మబ్బు పట్టింది, చినుకు లేదు. బడి చొక్కాల జేబుల మీద గుర్తులు వేసి ముగించాను.

రేషను బస్తా మీద అచ్చు చెరిగిపోగా వెంకీ ఎప్పుడైనా చూశాడేమో అడుగు. బియ్యం అయిపోయాక ఆ బస్తా మీ గుమ్మంలో పదేళ్ళు కాళ్ళు తుడుచుకోడానికి పడి ఉంటుంది, అక్షరాలు అలాగే ఉంటాయి. అంతకంటే మర్యాద నా అచ్చుకి అక్కర్లేదు.

ఏడు నెంబర్లు, ఏడు పేర్లు అంటే నాకు ఏడు ఫ్రేములు. దానిమీద అమ్మవారికి అయిదు రంగులు, సూర్యుడికి రెండు. అయిదు వందల చొక్కాలకి పడే శ్రమ ఏడు చొక్కాలకి పడాలి. గోపి మిషనుకి ఇదంతా ఒకటే, ఏడూ ఏడు రకాలుగా ఉన్నా దానికి నొప్పి లేదు. ఆ మాట దాచను. అక్క చెప్పినట్టు ఒక్క నెంబరయితే నాకు ఒక్క ఫ్రేముతో తేలిపోతుంది. కానీ ఆవిడకి అందం తెలీదన్నావు, సరే.

నమూనాలు మూడు పంపాను. తెల్లది సబ్లిమేషన్. నల్లది ఫిల్ము, గోపి వేశాడు. నీలంది నాది. మూడిటి మీదా అంకెలే ఉన్నాయి. ఒక రోజు ఆగి తడపండి. ఉతికినప్పుడు తిరగేసి ఉతకండి. అచ్చు మీద ఇస్త్రీ పెట్టొద్దు.

ఇట్లు,
రేషను బస్తాల అప్పలసూరి

*

చిన్నగెడ్డపేట,
26 మే

సూరీ,

పరీక్ష అయింది. చిన్న తెప్ప మీద తీసుకెళ్ళి మూడు చొక్కాలూ లంగరు తాడుకి కట్టి అయిదు రోజులు సముద్రంలో వదిలేశాం. తర్వాత రెండు రోజులు వేడి ఇసక మీద పడేశాం. నీ కాయితంలో ఈ రెండూ చెయ్యొద్దని లేదు.

తెల్లదాని మీద అచ్చు రంగు పిసరంతైనా తగ్గలేదు. కానీ వెంకీ వేసుకుని గంట సేపు వల బాగుచేసి, "జెల్లీ సేప పట్టుకున్నట్టున్నాది" అని విప్పి పారేశాడు. చెమట పీల్చదు. నల్లదానికి తాడు రాసుకున్న చోట రెండు అంకెల అంచులు లేచాయి, మిగతాది బాగుంది. నీ నీలంది చొక్కా వెలిసింది గానీ అంకెలు వెలవలేదు. గుండె మీద చెయ్యేసుకుని చెప్తున్నాను, నీదే గెలిచింది.

అందుకని అందరం కలిసి ఫిల్ము అచ్చే వేయించాలని నిర్ణయించాం.

నువ్వు కోపం తెచ్చుకోకు. అమ్మవారు కావాలి, సూర్యుడు కావాలి. నీతో అవదని నువ్వే రాశావు. గెలిచినవాడికే పని ఇవ్వాలని ఎక్కడుంది? గోపి దగ్గర నువ్వే దగ్గరుండి వేయించు. పేర్లూ నెంబర్లూ వెనక రాశాను. మీ అక్క ఈ ఉత్తరం విని "సూరిగాడు అన్నం తినడు ఈ పూట" అంది. తిను.

లక్ష్ముడు

*

రాజాం,
7 జూన్

బావకి,

సాయంత్రం గట్టి వాన. షాపు ముందు కాలవలో అడ్డుపడిన కొబ్బరిమట్ట తీశాను.

అన్నం తిన్నాను. రెండు సార్లు వడ్డించుకున్నానని అక్కకి చెప్పు.

గోపి దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. మంచివాడు, అదే నా ఇబ్బంది. "మావయ్యా, అంకెల అంచులు గుండ్రంగా చేస్తాను, లేవవు. రెండోసారి కూడా వేడి పెడతాను" అని నా పనిలా కాకుండా తన పనిలా చేశాడు. తిట్టడానికి ఏమీ మిగల్చలేదు. అమ్మవారు కళకళలాడుతోంది. సూర్యుడు మీరడిగిన దానికంటే ఎక్కువే ఉదయించాడు. వెంకీ పేరు పక్కన కెరటం నిజంగా కదులుతున్నట్టే ఉంది, తల తిప్పుకున్నాను.

ఏడు చొక్కాలూ పంపాను. చేతిలో పట్టుకుని చూసుకోడానికి కాదు, వేసుకోడానికి. ఈ సంగతి రాయాల్సిన అవసరం ఉందా అనుకున్నాను. మీ పేట గుర్తొచ్చి రాశాను.

అప్పలసూరి

*

చిన్నగెడ్డపేట,
30 జూన్

సూరీ,

వేట మొదలై పదిహేను రోజులు. చేప పరవాలేదు. చొక్కాల సంగతి చెప్తాను, విని ఏడువు. ఒక్క అక్షరం పోలేదు. ఒక్క అంచు లేవలేదు. సూర్యుడు మొన్న ఉదయించినట్టే ఉన్నాడు. పక్క పేటల వాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు. మీ గోపికి నా తరఫున దండం పెట్టు. ఇక నీ రబ్బరు పలక అటక మీద పెట్టేసుకోవచ్చు.

మీ అక్క ఏదో సణుగుతోంది. పట్టించుకోకు.

లక్ష్ముడు

*

రాజాం,
12 జూలై

బావకి,

ముసురు. తడిసిన కార్డుబోర్డు పెట్టెలు బయట పడేశాను.

నీ ఉత్తరం గోపికి చదివి వినిపించాను. ఓడిపోయినవాడు చేయాల్సిన మర్యాద అది. గోపి మురిసిపోయి, ఉత్తరం అడిగి తీసుకుని, అద్దం కట్టించి షాపులో తగిలించాడు. "పదిహేను రోజుల వేట, ఒక్క అక్షరం పోలేదు" అన్న చోట కింద ఎర్ర గీత కూడా గీశాడు. వారం రోజులు రాజాం అంతా చదివింది.

నిన్న నేనక్కడ ఉండగానే లక్ష్మణమ్మ అటు వెళ్తూ ఆగి, ఎవరిచేతనో చదివించుకుంది. "ఎందుకు పోతాయి బాబూ?" అంది. "సముద్రం మీదకి అయ్యి ఎవలేసుకుంటారు? పాడైపోవా? ఇంట్లో పెట్టెల్లో ఉన్నాయి. పెళ్ళిళ్ళకీ, సినిమాలకీ ఏసుకుంటన్నారు. ఏటకి పాత సొక్కాలే."

గోపి నా వైపు చూశాడు. నేను కాలవ వైపు చూశాను.

బావా, పడవ తప్పిపోతే పనికొస్తాయని చొక్కాలు చేయించి, పడవ ఎక్కేముందు విప్పి పెట్టెలో దాచిన వాళ్ళు ఈ కోస్తా మొత్తం మీద మీరు ఏడుగురే అయ్యుంటారు. పెళ్ళి భోజనంలో తప్పిపోతే నెంబరు చూసి ఫోను చేస్తారు, అది నిజమే.

తప్పు ఫిల్ముది కాదు. నేను వేసినా ఇదే జరిగేది. బాగున్నదాన్ని మీరు వాడరు. కాబట్టి పాడైపోతుందని మీకు భయం లేనిదాని మీదే వేయాలి. ఆదివారం ఒక్క ఫ్రేము, ఒక డబ్బా రంగు పట్టుకుని వస్తున్నాను. మీరు నిజంగా వేటకి వేసుకెళ్ళే చొక్కాలు తెచ్చి నా ముందు పెట్టండి. ఎంత చీకిపోయినవైతే అంత మంచిది. అమ్మవారు లేదు, సూర్యుడు లేడు, పేర్లు లేవు. అక్క నెంబరొకటే, జానెడు అంకెల్లో.

అప్పలసూరి

*

చిన్నగెడ్డపేట,
31 జూలై

సూరీ,

నువ్వొచ్చి వెళ్ళాక పేటలో జరిగిన గొడవలన్నీ రాయాలంటే లక్ష్మణమ్మకి ఇంకో తట్ట కావాలి.

బోర్లించిన పడవ మీద చెక్క వేసుకుని, కెరటాలకి వీపు పెట్టి, తెల్లగా పాలిపోయిన మొహంతో నువ్వు చొక్కాలు అచ్చేస్తుంటే పేట అంతా చూసింది. ఎండలో ఆరబెట్టి, రంగు పట్టడానికని ఇస్త్రీపెట్టె రుద్దావు చూడు, ఆ చొక్కాలకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటి ఇస్త్రీ. ఇప్పుడు మేం ఏడుగురం నడిచి వస్తుంటే సిమెంటు బస్తాల లోడు దిగినట్టుంది. కానీ నిజం చెప్పాలి, అవే వేసుకెళ్తున్నాం. విప్పి దాచుకుందామంటే దాచుకోడానికి ఏముంది అందులో?

గొడవ ఏంటంటే, ఆడవాళ్ళు. కుసుమకుమారి మా గుమ్మంలోకి వచ్చి, "ఒదినా, నా మొగుడి ఈపు మీద నీ నెంబరేటి?" అని నిలదీసింది. మీ అక్క "మీ ఆయన్ని నాకేం సేసుకోమంటావే? ఈపొకటే కదా వాడుకున్నాను" అంది. మిగతా అయిదుగురూ నవ్వారు గానీ వాళ్ళ మొహాలూ అంత బాగోలేదు.

మొన్న సారా దుకాణం దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "అమ్మా, మీ ఆయన ఇక్కడ పడున్నాడు" అన్నాడట ఎవడో. మీ అక్క నన్ను చూసి, "మా ఆయన ఇంట్లోనే పడున్నాడు బాబూ. ఆడెవలో మొహం తిప్పి సూడు" అంది. వెంకీ. ఇప్పుడు ఫోను మోగితే చాలు, కొంగు నడుంకి దోపుకుని మరీ ఎత్తుతోంది. ఏడు కాపరాలకి పెద్ద ఆఫీసరు అయిపోయింది.

పేర్లు కూడా వేస్తే ఎవడు ఎక్కడ పడ్డాడో ఆవిడకి వెతుక్కునే పని తప్పేది. నువ్వే వద్దన్నావు.

లక్ష్ముడు

*

చిన్నగెడ్డపేట,
20 సెప్టెంబరు

బావకి,

రాత్రంతా పడిన వాన తెల్లారేసరికి ఆగింది. అక్క వంటింటి రేకు కారుతుంటే పైన టార్పాలిన్ కట్టాను.

ఇంజను సామాను పట్టుకుని రేపు మెకానిక్కు బరంపురం రైలెక్కుతున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. నువ్వు అక్కడ పడవ దగ్గరే ఉంటానన్నావు కాబట్టి, తీరిగ్గా చదువుకోడానికి నీకు సమయం ఉంది.

సోమవారం రావలసిన పడవ మంగళవారానికీ రాలేదు. అక్క ఫోను చేసింది. "పని లేకపోతే ఓసారి రారా" అంది. నాకు ఎప్పుడూ పని ఉంటుందని ఆవిడకి తెలుసు. వచ్చాను. మూడు రోజులు ఆ ఫోను ఆవిడ చేతిలోంచి దిగలేదు. నీ పెట్టెలోని సూర్యుడి చొక్కాని బయటికి తీసి, దులిపి, మళ్ళీ లోపల పెట్టింది. అది నేను చూశానని ఆవిడకి తెలీదు.

మొన్న ఉదయం ఎనిమిదింటికి మోగింది. ఒడియా కలిసిన తెలుగు. ఒడ్డున టీకొట్టు అతను. "అమ్మా, మీ నెంబరున్న చొక్కాలు ఇక్కడ ఇసకలో పడుకున్నాయి" అన్నాడు.

"మనుషులో?" అంది అక్క.

"గురకలు పెడుతున్నారు. ఒకతని వీపు మీద చూసి చేస్తున్నాను."

"ఎన్ని సొక్కాలు బాబూ?"

"ఆరు."

"సరిగ్గా లెక్కెట్టు."

"ఆరేనమ్మా. ఉండండి, లేపుతాను" అన్నాడు. అంతలో లైను పోయింది. తిరిగి చేస్తే అందలేదు. చేస్తూనే ఉన్నాను.

ఆరు. ఏ ఆరో తెలీదు. అందరి వీపు మీదా ఒకటే నెంబరు. పేర్లు కావాలన్నది నువ్వు, ఎవరి నెంబరు వాళ్ళకి కావాలన్నదీ నువ్వు. ఒక్క ఫ్రేముతో తేలిపోతుందని పొంగిపోయినవాణ్ణి నేను. అచ్చు మాత్రం చెక్కుచెదరలేదు బావా. ఉప్పునీళ్ళకి, ఎండకి, దేనికీ ఒక్క అంకె పోలేదు. కావాలంటే ఈ మాట కూడా అద్దం కట్టించి తగిలించుకోవచ్చు.

ఈలోగా ఆడవాళ్ళు వచ్చారు. ఫోను మోగడం పేట అంతా విన్నది కదా. కుసుమకుమారి ముందు. అక్క లేచి, "మీవోడున్నాడే. పడుకున్నాడట" అంది. ఆమె ఏడుస్తూ వెళ్ళింది. వెంకీ తల్లి వచ్చింది. "ఉన్నాడు" అంది అక్క. ఆరుగురు వచ్చారు. ఆరుగురికీ ఉన్నాడనే చెప్పింది.

వాళ్ళు వెళ్ళాక, "ఏ ఆరుగురో తెలీకుండా ఎలా చెప్పావక్కా?" అన్నాను.

"ఎవులికి లేడని సెప్పమంటావు?" అంది. ముంత తీసి నీళ్ళు తాగింది. తర్వాత గుమ్మంలో కూర్చుని, పొద్దున్న సగం శుభ్రం చేసి వదిలేసిన చేపలు మళ్ళీ ముందుకి లాక్కుంది. ఒకే చేపని చాలాసేపు తోమింది.

పదింటికి నీ ఫోను. మళ్ళీ ఇంజనే ఆగిందట. నువ్వు చొక్కా విప్పి కర్రకి కట్టి జెండాలా ఊపావట. అది గాలికి పోయిందట. పడవ వదిలి రావడం ఇష్టంలేక లంగరు దగ్గరే కూర్చున్నావట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. నువ్వు ముందుగా అన్న మాట మాత్రం, "ఒసే, ఇక్కడోళ్ళు టీలో పంచదార దంచేస్తన్నారే."

అక్క ఫోను నా చేతికిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయింది. నువ్వు నాతో పావుగంట టీ గురించి మాట్లాడావు. నేనూ మాట్లాడాను.

వచ్చాక ఆవిడ అన్నది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "సొక్కా ఇప్పీసే మడిసికి సొక్కా మీద రాసి ఏటి లాభం? ఈపు మీదే అచ్చెయ్యి." ఆలోచించాను. ఫిల్ము అతికించాలంటే ఇస్త్రీపెట్టె అంత వేడి కావాలి. సబ్లిమేషన్‌కి అంతకంటే ఎక్కువ, పైగా తెల్లగా ఉన్నవాళ్ళకే పడుతుంది, నీకు ఆ దారి మూసుకుపోయింది. ఇక నా రబ్బరు పలకే గతి. నువ్వు వచ్చాక బోర్లా పడుకో.

అంతవరకూ చొక్కాల మీదే. నిన్న రాజాం వెళ్ళి పేర్లకి ఏడు ఫ్రేములు కట్టుకుని వచ్చాను. ఏడు చొక్కాలకి ఏడు ఫ్రేములు దండగని రాసినవాడు ఎవడో నాకు గుర్తులేదు. ఆడవాళ్ళు తమ వాళ్ళ రెండో పాత చొక్కాలు ఒక్కొక్కటే తెచ్చి ఇచ్చారు. ఎవరి పేరు వాళ్ళే చూసుకుని, వేలితో ఒకసారి ముట్టుకుని వెళ్ళారు. ఆరు అయ్యాయి, దండెం మీద ఆరుతున్నాయి. నీది ఏడోది. అక్క నీ చారల చొక్కా తెచ్చి చెక్క మీద పరిచింది. భుజాల దగ్గర ముడత ఉంటే అరచేత్తో రెండుసార్లు సరిచేసింది. "ఇది ఇప్పనని రాయించుకో ఆడిసేత" అని లోపలికి వెళ్ళింది. రంగు కలిపాను, ఫ్రేము పెట్టాను, ఇక పలక లాగడమే.

అప్పలసూరి